ఉత్తుత్తి రైతులు, ఉత్తుత్తి చెరువులు: టెస్టింగ్ డేటా మీరు ఎలా తయారుచేస్తున్నారు?

గౌతమి గట్టు · అమలాపురం · ఆదివారం రాత్రి 9:40

అందరికీ నమస్కారమండి. రొయ్యల కొనుగోలు లెక్కలు చూసే ఒక సాఫ్ట్‌వేర్ మీద ఏడాదిన్నరగా పనిచేస్తున్నాను. ఇంటి నుంచే పని. రైతు, చెరువు, పిల్ల వేసిన తేదీ, పట్టుబడి, కౌంటు, రేటు, చెల్లింపు. మా టేబుళ్లు ఇవే. టీమ్‌లో నలుగురం. విడిగా టెస్టర్ అంటూ ఎవరూ లేరు.

మొన్న గురువారం రాత్రి చెల్లింపుల కోడ్ మార్చి టెస్ట్ సర్వర్‌లో నడిపాను. అక్కడ ఉన్నది అసలు డేటాబేసు కాపీయే. ఎస్సెమ్మెస్ పంపే భాగం ఆపడం మర్చిపోయాను. పదకొండు గంటలకి 63 మంది రైతులకు "మీ ఖాతాలో డబ్బు జమ అయింది" అని మెసేజ్ వెళ్లిపోయింది. తెల్లారేసరికి కొనుగోలుదారు ఆఫీసు ముందు బళ్లు ఆగాయి. ఒకాయనైతే ఆ మెసేజ్ చూసుకుని మేత కొట్టుకి ఫోన్ చేసి, బాకీ ఈరోజే తీర్చేస్తానని మాట కూడా ఇచ్చేశారట. అది విన్నప్పటి నుంచి నాకు అన్నం సహించట్లేదు.

ఇక అసలు డేటా ముట్టుకోకూడదని నిర్ణయించుకున్నాం. "ఫేకర్ పెట్టి వెయ్యి మందిని పుట్టించేయ్" అన్నారు మా లీడ్. ఫేకర్ అంటే ఉత్తుత్తి పేర్లు, నంబర్లు పుట్టించే ప్రోగ్రామ్. పెట్టాను, పుట్టారు. టెస్టులన్నీ పాస్ అయ్యాయి. కానీ ఆ రికార్డులు ఒక్కొక్కటే తెరిచి చూస్తుంటే నాకు ధైర్యం రావట్లేదు. ఎక్కడో తేడాగా ఉంది. మీరంతా ఈ పని ఎలా చేస్తున్నారో చెప్తారా?

కాకినాడ కెరటం · ఆదివారం రాత్రి 10:05

గౌతమి గారూ, డేటా సంగతి తర్వాత. ముందు తలుపులు మూయండి.

టెస్ట్ సర్వర్ నుంచి బయటికి వెళ్లే ప్రతి దారీ మూసేయాలి. ఎస్సెమ్మెస్, వాట్సాప్, మెయిల్, బ్యాంకు కాల్, అన్నీ. మెసేజ్ పంపే ఫంక్షన్ టెస్ట్‌లో ఒక ఫైల్లో రాసి ఊరుకోవాలి. నిజంగా పంపి చూడాలంటే మీ నలుగురి నంబర్లకి మాత్రమే అనుమతి ఇచ్చి, మిగతావన్నీ తిప్పికొట్టాలి. ఇది ఒకరు గుర్తుపెట్టుకుని ఆపే పనిగా ఉండకూడదు. ఆ సర్వర్‌లో మెసేజ్ పంపే తాళంచెవులే (పాస్‌వర్డ్ లాంటి కోడ్‌లు) ఉండకూడదు.

ఉత్తుత్తి డేటా పెట్టినా ఇది తప్పదు. మెయిల్ విషయంలో మనం అదృష్టవంతులం. ఎగ్జాంపుల్ డాట్ కామ్, డాట్ టెస్ట్ లాంటి పేర్లను 1999లోనే ఎవరికీ అమ్మకుండా పక్కన పెట్టేశారు, వాటితో ఎన్ని అడ్రసులు పుట్టించినా ఎవరికీ చేరవు. ఫోన్ నంబర్ అలా కాదు. 6 నుంచి 9 లోపు అంకెతో మొదలుపెట్టి ఫేకర్ పది అంకెలు పేర్చిందంటే అది నర్సాపురంలో ఎవరి జేబులోనో మోగే నంబరే కావచ్చు.

లాకుల వీధి · రావులపాలెం · ఆదివారం రాత్రి 10:21

మరి ఆధార్ సంగతేంటండి? మా దగ్గర ఆ కాలమ్ ఉంది. ఊరికే 12 అంకెలు వేస్తే మా వాలిడేషన్ ఒప్పుకోదు. ఒప్పుకునేలా వేస్తే భయంగా ఉంది.

కాకినాడ కెరటం · ఆదివారం రాత్రి 10:48

భయపడాల్సిందే. ఆధార్‌లో చివరి అంకె మిగతా పదకొండింటి నుంచి లెక్కగట్టి వచ్చేది. వెర్హోఫ్ అనే డచ్ గణితవేత్త 1969లో ఇచ్చిన పద్ధతి అది. ఒక్క అంకె తప్పు కొట్టినా, పక్కపక్క అంకెలు తారుమారైనా పట్టేస్తుంది. ఆ లెక్క సరిగ్గా కుదిరేలా నంబరు పుట్టించామంటే, అది ఒక నిజమైన మనిషిది అయ్యే వీలుంది.

మేం చేసేది ఇదీ. అసలు ఆధార్ 0తో గానీ 1తో గానీ మొదలవదు. అందుకని ఉత్తుత్తి నంబర్లన్నీ 0తో మొదలుపెట్టి, చివరి అంకె మాత్రం వెర్హోఫ్ ప్రకారం సరిగ్గా వేస్తాం. చివరి అంకెని సరిచూసే చెక్‌సమ్ కోడ్ పరీక్ష అవుతుంది, ఆ నంబరు ఎవరిదీ కాదు. మొదటి అంకె నియమాన్ని విడిగా ఒక చిన్న టెస్టులో చూసుకుంటాం, మిగతా టెస్టుల్లో ఆ నియమం ఒక్కటి సడలిస్తాం. అన్నిటికంటే ముందు, ఆ కాలమ్ మీకు నిజంగా అవసరమా అని మీ వాళ్లని అడగండి.

పట్టుబడి లెక్కలు · భీమవరం దగ్గర · సోమవారం ఉదయం 6:15

అమ్మా గౌతమీ, నాకు కోడ్ రాదు. ఇరవై ఏళ్లుగా చెరువుల లెక్కలు రాస్తున్నాను. మా అబ్బాయి ఈ చర్చ చూపించాడు. ఎక్కడో తేడాగా ఉందన్నావు కదా, ఆ పుట్టించిన రికార్డు ఒకటి ఇక్కడ పెట్టు. చూసి చెప్తాను.

గౌతమి గట్టు · సోమవారం ఉదయం 8:30

చాలా సంతోషమండి. ఇదిగోండి, చేతికందిన మొదటిదే పెడుతున్నాను:

చెరువు: 2 ఎకరాలు
వేసిన పిల్ల: 2,00,000
పిల్ల వేసిన తేదీ: మార్చి 14
పట్టుబడి తేదీ: ఏప్రిల్ 2
తూకం: 9,000 కిలోలు
కౌంటు: 100

రేట్ల పట్టిక కూడా ఫేకరే నింపింది. అందులో 100 కౌంటు రేటు 30 కౌంటు రేటుకంటే ఎక్కువగా ఉంది.

పట్టుబడి లెక్కలు · సోమవారం ఉదయం 9:10

ఆయ్, ఇప్పుడు అర్థమైందమ్మా.

కౌంటు అంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగాయన్నది. 30 కౌంటంటే ఒక్కోటి 33 గ్రాములుంటుంది. 100 కౌంటంటే పది గ్రాములు. కౌంటు అంకె పెరిగేకొద్దీ రొయ్య చిన్నది, రేటు తక్కువ. మీ పట్టికలో అది తలకిందులైంది.

ఇక చెరువు. 9,000 కిలోలు, కిలోకి 100, అంటే తొమ్మిది లక్షల రొయ్యలు. వేసింది రెండు లక్షల పిల్ల. వేసినదానికంటే ఎక్కువ పట్టిన చెరువు నేను పుట్టాక చూడలేదు. పైగా మార్చి 14న వేసి ఏప్రిల్ 2న పట్టారు. పందొమ్మిది రోజులకి ఏం పెరుగుతుంది? వెనామీ రకం రొయ్య అయితే మూడు నాలుగు నెలలు పడుతుంది.

నమ్మదగ్గ రికార్డు కావాలంటే ఇలా రాసుకో. రెండు లక్షలు వేశారు, నూటికి ఎనభై బతికాయి, లక్షా అరవై వేలు. 50 కౌంటుకి పట్టారు. 1,60,000ని 50తో భాగిస్తే 3,200 కిలోలు. పిల్ల వేసి 110 రోజులు. ఇది చూపిస్తే మా ఊళ్లో ఏ రైతైనా ఒప్పుకుంటాడు. జబ్బు వస్తే నలభై రోజులకే ఉన్నకాడికి పట్టేస్తారు, అప్పుడు రొయ్య చిన్నసైజు, బతికినవి తక్కువ. అదీ నిజమే. కానీ అన్నీ కలిసి మారతాయి. ఒక్కటి మార్చి మిగతావి అలాగే ఉంచితే అది చెరువు కాదు.

రాజమండ్రి రిలీజ్ · సోమవారం మధ్యాహ్నం 1:20

పైన బాబాయ్ గారు రాసిన నాలుగు వాక్యాలు మా టీమ్ గోడ మీద అతికించాను. "అన్నీ కలిసి మారతాయి." మనవాళ్లు ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. ఫేకర్ కాలమ్ కాలమ్‌గా నింపుతుంది. ప్రతి కాలమూ విడిగా చూస్తే సరిగ్గానే ఉంటుంది, వరస మొత్తం చదివితే అసాధ్యం.

దీనికి ఫ్యాక్టరీ పద్ధతి వాడండి. పైథాన్‌లో ఫ్యాక్టరీ బాయ్, రూబీలో ఫ్యాక్టరీ బాట్, లారవెల్‌లో దాని సొంత ఫ్యాక్టరీలు ఉన్నాయి. పేరేదైనా పని ఒకటే. ఒక్కో రకం వస్తువుకి ఒక అచ్చు తయారుచేస్తారు. అచ్చులోంచి ఏమీ చెప్పకుండా తీసినా సరే, అన్ని విధాలా చెల్లుబాటయ్యే వస్తువు రావాలి. కొన్ని విలువలు మీరు ఎంచుకుంటారు, మిగతావి వాటినుంచి లెక్కగట్టుకుని వస్తాయి. మీ చెరువు విషయంలో నేనైతే ఇలా రాస్తాను:

పట్టుబడి అచ్చు:
 పిల్ల = ఎకరాలు × లక్ష
 బతికిన శాతం = 80
 కౌంటు = 50
 పట్టుబడి తేదీ = పిల్ల వేసిన తేదీ + 110 రోజులు
 తూకం = పిల్ల × బతికిన శాతం ÷ 100 ÷ కౌంటు

తూకాన్ని ఎవరూ చేత్తో ఇవ్వరు. కౌంటు 100 అని మార్చి అడిగితే తూకం దానంతటదే సగమవుతుంది. జబ్బు చెరువు కావాలంటే "జబ్బు" అని ఒక గుర్తు పెట్టండి, అది ఉంటే 40 రోజులు, కౌంటు 200, బతికినవి 35 శాతం అని మూడూ ఒకేసారి మారిపోవాలి. వీటిని ట్రెయిట్‌లంటారు. ఆ అంకెలు మాత్రం నా ఊహ, బాబాయ్ గారు సరిచేయాలి.

టెస్టు రాసేటప్పుడు ఆ టెస్టుకి ఏది ముఖ్యమో అది మాత్రమే రాయండి. "కౌంటు 31 అయితే ఏ రేటు పడాలి" అన్నది పరీక్షిస్తుంటే, కౌంటు = 31 అన్నది తప్ప ఇంకేదీ ఆ టెస్టులో కనిపించకూడదు. రైతు పేరు, ఊరు, పిన్‌కోడ్ అన్నీ అచ్చే చూసుకుంటుంది. ఆరునెలల తర్వాత ఆ టెస్టు విరిగినప్పుడు చదివేవాడికి ఎక్కడ చూడాలో వెంటనే తెలుస్తుంది. మా పాత టెస్టుల్లో ఒక్కోదానికి నలభై వరసల డేటా ఉండేది, ఏది అసలు సంగతో, ఏది నింపుడో పోల్చుకోవడానికే పూట గడిచేది.

ఒక జాగ్రత్త. పట్టుబడికి చెరువు కావాలి, చెరువుకి రైతు, రైతుకి గ్రామం, గ్రామానికి మండలం. అచ్చులు ఒకదాన్నొకటి పిలుచుకుంటూ పోతాయి. 200 పట్టుబడులు అడిగితే 200 మండలాలు పుడతాయి. మాకు ఇలాగే అయింది. టెస్టులు పదకొండు నిమిషాలు నడిచేవి. మండలం, గ్రామం ఒక్కసారి చేసుకుని అన్నిటికీ అదే ఇచ్చాం. లెక్క మాత్రమే చూసే టెస్టుల్లో డేటాబేసులో దాచకుండా మెమరీలోనే వస్తువు కట్టుకున్నాం. అంటే క్రియేట్ బదులు బిల్డ్. రెండు నిమిషాలకి వచ్చింది.

పాలకొల్లు పోస్ట్‌గ్రెస్ · సోమవారం మధ్యాహ్నం 2:02

చిన్న మాట. "రైతు నంబర్ 1" అని టెస్టులో ఐడీ గట్టిగా రాసేయకండి. పైథాన్‌లో వాడే జాంగో ప్రతి టెస్టు తర్వాత ట్రాన్సాక్షన్‌ని, అంటే ఆ టెస్టు రాసిన మార్పులన్నిటినీ, వెనక్కి తిప్పేస్తుంది, వరసలు పోతాయి. కానీ పోస్ట్‌గ్రెస్ డేటాబేసులో ఐడీలు ఇచ్చే లెక్క, అంటే సీక్వెన్స్, వెనక్కి రాదు. తర్వాతి టెస్టులో మొదటి రైతుకి 8 రావచ్చు.

ఇంకోటి. టెస్టులు తొందరగా నడవాలని ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేసు మీద నడిపి, అసలుది పోస్ట్‌గ్రెస్ మీద పెట్టేవాళ్లు చాలామంది ఉన్నారు. ఎస్‌క్యూలైట్ పది అక్షరాల కాలమ్‌లో రెండొందలు పెట్టినా ఊరుకుంటుంది. ఫారిన్ కీ తనిఖీ, అంటే ఒక టేబుల్ చెప్పే వరస ఇంకో టేబుల్లో నిజంగా ఉందా అని చూడటం, మనం ఆన్ చేస్తే తప్ప చేయదు. అంటే లేని రైతుకి చెరువు రాసినా టెస్టు పాస్. ఏ డేటాబేసు వాడతారో దానిమీదే పరీక్షించండి.

తణుకు టెర్మినల్ · సోమవారం సాయంత్రం 7:35

నాకు నిద్ర లేకుండా చేసిన రెండు విషయాలు చెప్తాను, ఇంకెవరికీ అలా కాకూడదని.

మొదటిది, యాదృచ్ఛికంగా పుట్టించిన కోడ్‌లు. మా దగ్గర ప్రతి బిల్లుకి ఆరంకెల కోడ్ ఉంటుంది, రెండు బిల్లులకి ఒకటే ఉండకూడదు. పది లక్షల కోడ్‌లున్నాయి కదా, ర్యాండమ్‌గా వేస్తే గొడవేముందిలే అనుకున్నాం. గది నిండా 23 మంది ఉంటే ఇద్దరి పుట్టినరోజు కలిసే అవకాశం సగానికి సగం అంటారు కదా, అదే లెక్క ఇక్కడా వర్తిస్తుంది. పది లక్షల్లోంచి సుమారు 1,180 కోడ్‌లు తీసేసరికి ఎక్కడో రెండు కలిసే అవకాశం సగం దాటుతుంది. మా టెస్టులు వారంలో రెండుసార్లు కారణం లేకుండా ఫెయిలయ్యేవి, మళ్లీ నడిపితే పాస్. "సర్వర్ సమస్య" అని నెల రోజులు వదిలేశాం. ఒకటే ఉండకూడని విలువలకి ర్యాండమ్ వద్దు, ఒకటి, రెండు, మూడు అని వరుస సంఖ్య పెట్టండి.

మిగతా వాటికి ర్యాండమ్ వాడినా, సీడ్ విలువ (ర్యాండమ్ లెక్క మొదలయ్యే అంకె) లాగ్‌లో రాయండి. అదే సీడ్ మళ్లీ ఇస్తే ఫేకర్ అవే పేర్లు, అవే అంకెలు అదే వరుసలో ఇస్తుంది. అలాగైతేనే ఫెయిలైన రాత్రిని మళ్లీ పట్టుకోగలం.

రెండోది మీ రొయ్యలకే సంబంధించింది గౌతమి గారూ. పట్టుబడులు తెల్లవారుజామున జరుగుతాయి కదా. మన టైము గ్రీన్‌విచ్ కంటే అయిదున్నర గంటలు ముందు. తెల్లవారుజామున 4 గంటల పట్టుబడి గ్రీన్‌విచ్ టైములో నడిచే సర్వర్ లెక్కలో ముందురోజు రాత్రి పదిన్నర. తేదీని మాత్రమే దాచుకునే కాలమ్ ఉంటే ఒక రోజు వెనక్కి పోతుంది, ఆ రోజు రేటు మారి ఉంటే రైతుకి తప్పు రేటు పడుతుంది. ఫేకర్ రికార్డుల్లో టైములన్నీ పగలే పడితే ఇది ఎప్పటికీ బయటపడదు. తెల్లవారుజాము 4 గంటల పట్టుబడి ఒకటి కచ్చితంగా పెట్టండి. నెలాఖరు రోజున ఒకటి, మార్చి 31న ఒకటి.

గౌతమి గట్టు · సోమవారం రాత్రి 8:10

తణుకు గారూ, ఇది చదవగానే వెళ్లి చూశాను. మాది తేదీ కాలమే. మీకు ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియట్లేదు.

అక్షరాల లెక్క · ముమ్మిడివరం · సోమవారం రాత్రి 10:30

పేర్ల గురించి ఎవరూ మాట్లాడలేదు. నాకు చాలా ముఖ్యమైన విషయం ఇది.

ఫేకర్ ఇచ్చే పేర్లు చూడండి. ముందు పేరు, తర్వాత ఇంటిపేరు, రెండూ ఇంగ్లీషు అక్షరాల్లో, పొట్టిగా. మన దగ్గర ఇంటిపేరు ముందు. అన్నవరం స్వామి పేరు పెట్టుకున్న ఇల్లు లేని వీధి గోదావరి జిల్లాల్లో ఉందా? "వీర వెంకట సత్యనారాయణ" తీసుకోండి. ఖాళీలతో కలిపి కంప్యూటర్ లెక్కలో సరిగ్గా 20 అక్షరాలు. తెలుగు అక్షరం ఒక్కోటి యూటీఎఫ్-8లో (కంప్యూటర్ అక్షరాలు దాచే పద్ధతి) 3 బైట్లు. 18 మూడులు 54, రెండు ఖాళీలకి 2, మొత్తం 56 బైట్లు. ఒరాకిల్ డేటాబేసులో కాలమ్ వెడల్పు 50 అని రాసి వదిలేస్తే మామూలుగా అది 50 బైట్లు. ఇంటిపేరు చేర్చకుండానే నిండిపోయింది. మైఎస్‌క్యూఎల్‌లో అదే 50 అంటే అక్షరాల లెక్క, అక్కడ పడుతుంది. ఇంగ్లీషు పేర్లతో మాత్రమే పరీక్షిస్తే ఈ తేడా రైతు నమోదుకి వచ్చిన రోజున తెలుస్తుంది.

మనం చూసే అక్షరం వేరు, కంప్యూటర్ ఎంచే అక్షరం వేరు. "లక్ష్మి" మన కంటికి రెండక్షరాలు. లోపల ఏడు ఉన్నాయి: ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి. పేరుని ఇన్ని అక్షరాలకి కత్తిరించి రసీదు మీద అచ్చేసే కోడ్ ఉంటే, లక్ష్మి కాస్తా "లక్" దగ్గర తెగిపోతుంది. ఒక మనిషి పేరు అలా అచ్చేసి చేతికివ్వడం నాకు తప్పుగా అనిపిస్తుంది.

"రామ్‌కుమార్" అని రాసేటప్పుడు మ్ తర్వాత కంటికి కనపడని అక్షరం ఒకటి పడుతుంది, లేకపోతే మ కింద క వత్తుగా దిగిపోతుంది. ఒకరు అది పెట్టి నమోదు చేస్తారు, ఇంకొకరు పెట్టకుండా వెతుకుతారు, దొరకదు. ఆ కనపడని అక్షరం ఎంత పని చేయగలదో 2018 ఫిబ్రవరిలో ప్రపంచమంతా చూసింది. జ్ఞా అక్షరం మధ్యలో అది ఉన్న మెసేజ్ వస్తే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలేవి. 11.2.6 వెర్షన్‌తో సరిచేశారు.

అందుకని నేను చేత్తో నలభై పేర్ల జాబితా రాసుకున్నాను. పొడుగు పేర్లు, ఒత్తుల పేర్లు, ఇంటిపేరు లేనివి, ఒక్క అక్షరం ఇంటిపేర్లు, మహమ్మదీయుల పేర్లు, క్రైస్తవుల పేర్లు. నిజం మనుషులవి కావు, కానీ మన ఊళ్లలో వినపడే పేర్లు. అచ్చు వాటిలోంచి వరుసగా తీసుకుంటుంది.

లంకలో ఇల్లు · పి.గన్నవరం వైపు · మంగళవారం ఉదయం 7:00

నేను పనిచేసేది వరద హెచ్చరికల యాప్ మీద. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. భద్రాచలంలో 43, 48, 53.

0 నుంచి 25 అడుగుల మధ్య రెండు దశాంశాలతో ర్యాండమ్ అంకెలు వేస్తే 2,501 విలువలున్నాయి. వాటిలో సరిగ్గా 11.75 ఒక్కటే. మా కోడ్‌లో "11.75 దాటితే" అని రాశారు, "11.75 గానీ ఆపైన గానీ" అని ఉండాలి. ఐదు వందల ర్యాండమ్ రీడింగులు పాసయ్యాయి, తప్పు అలాగే ఉంది. ఇప్పుడు 11.74, 11.75, 11.76, అలాగే మిగతా రెండు గీతల దగ్గరా మూడేసి, మొత్తం తొమ్మిది చేత్తో రాసి పెట్టాం. మీ కౌంటుకీ ఇదే. రేటు మారే గీత ఎక్కడుంటే అక్కడ ముందొకటి, మీదొకటి, తర్వాతొకటి.

ఇంకా, ఒక్క రీడింగు చాలదు, వరస కావాలి. 13.60, 13.75, 13.90, తర్వాత 13.70. నీరు తీసేటప్పుడు హెచ్చరిక ఎప్పుడు ఉపసంహరించాలి? మధ్యలో రెండు గంటలు రీడింగు రాకపోతే? చుక్క పడిపోయి 1175 అని వస్తే? 48 అనేది భద్రాచలంలో రెండో హెచ్చరిక, అదే ధవళేశ్వరం పేరుతో వస్తే నమ్మకూడదు.

మా ఇంట్లో 1986 ఆగస్టు వరద చూసినవాళ్లున్నారు. మూడో హెచ్చరిక అన్న మాట వింటే నాయనమ్మ ఇప్పటికీ మూటలు సర్దుతుంది. అందుకే మా ఉత్తుత్తి మెసేజ్‌లన్నీ "పరీక్ష" అన్న మాటతోనే మొదలవుతాయి. పొరపాటున బయటికి వెళ్లినా చదివినవాళ్లకి తెలియాలి.

పాత డీబీఏ · ఏలూరు · మంగళవారం ఉదయం 11:15

అందరూ బాగా రాశారు. కానీ నేను ఒక విషయంలో విభేదిస్తాను. మీరు ఎంత శ్రద్ధగా పుట్టించినా అసలు డేటాలో ఉండే మురికి మీకు తట్టదు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాయి. అంతకుముందు నమోదైన అమలాపురం రైతు "తూర్పు గోదావరి"లో ఉంటాడు, తర్వాత నమోదైన అతని తమ్ముడు "కోనసీమ"లో ఉంటాడు. పిన్‌కోడ్ ఇద్దరిదీ 533201. ఒకచోట రాజమండ్రి, ఒకచోట రాజమహేంద్రవరం. ఫోన్ కాలమ్‌లో రెండు నంబర్లు కామా పెట్టి. ఇవన్నీ ఏ అచ్చులోంచి వస్తాయి? అసలు కాపీ తీసుకుని పేర్లు, ఫోన్లు చెరిపేస్తే సరిపోతుందని నా అభిప్రాయం. ఇరవై ఏళ్లు అలాగే చేశాను.

రాజమండ్రి రిలీజ్ · మంగళవారం మధ్యాహ్నం 12:40

సార్, మీ అనుభవం మీద గౌరవంతోనే చెప్తున్నాను. పేరు చెరిపితే మనిషి దాగడు. లటాన్యా స్వీనీ అనే పరిశోధకురాలు 2000లో అమెరికా జనాభా లెక్కలు తీసి చూపించారు. పిన్‌కోడ్ లాంటి జిప్ కోడ్, పుట్టిన తేదీ, ఆడా మగా అన్న మూడూ ఉంటే చాలు, 87 శాతం మందిని విడిగా గుర్తుపట్టే వీలుందని. మన ఊళ్లలో అంతకూడా అక్కర్లేదు. గ్రామం పేరు, 42 ఎకరాల చెరువు అని చెబితే టీ కొట్టు దగ్గర ఎవరైనా ఆయనెవరో చెప్తారు. ఆయనకి ఎంత బాకీ ఉందో పక్క కాలమ్‌లో ఉంటుంది.

2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. భద్రత విషయంలో తప్పితే జరిమానా 250 కోట్ల వరకు ఉండొచ్చు. కానీ నా బాధ జరిమానా గురించి కాదు. తన బాకీ వివరాలు నలుగురు కుర్రాళ్ల ల్యాప్‌టాప్‌లలో తిరుగుతున్నాయని ఆ రైతుకి తెలియదు, మనం అడగలేదు.

పాత డీబీఏ · మంగళవారం మధ్యాహ్నం 3:30

42 ఎకరాల మాట నిజమే. ఒప్పుకుంటున్నాను. చిన్న ఊళ్లలో ఆ సంగతి నేను అంతగా ఆలోచించలేదు.

అయితే మధ్యేమార్గం ఒకటి చెప్తాను. అసలు డేటాబేసు దగ్గర కూర్చునే అనుమతి ఉన్నవాళ్లు ఒక్కరు వరసలు బయటికి తీయకుండా కొలతలు మాత్రం తీయాలి. ఏ కాలమ్ నూటికి ఎన్నిసార్లు ఖాళీగా ఉంది, పేర్ల పొడవు ఎక్కడి నుంచి ఎక్కడిదాకా, ఒక రైతుకి సగటున ఎన్ని చెరువులు, ఫోన్ కాలమ్‌లో కామా ఎన్నిచోట్ల ఉంది, జిల్లా పేరు ఎన్ని రకాలుగా రాశారు. ఆ కొలతలు మీ అచ్చులకి ఇవ్వండి. నూటికి ఆరు ఫోన్లు ఖాళీ అయితే మీ అచ్చులోనూ నూటికి ఆరు ఖాళీగా రావాలి. మురికి వస్తుంది, మనిషి రాడు. ఎక్కడైనా ఇద్దరు ముగ్గురే ఉన్న గుంపు కొలత తగిలితే దాన్ని మాత్రం వదిలేయండి.

గౌతమి గట్టు · శుక్రవారం రాత్రి 11:05

మూడు రోజులు ఇదే పని చేశాను. ఏం జరిగిందో చెప్పకపోతే మీ అందరి సమయానికి విలువ ఇచ్చినట్టు కాదు.

టెస్ట్ సర్వర్‌లో అసలు కాపీ తీసేశాం. మెసేజ్ పంపే తాళంచెవులు అక్కడ లేవు. రైతు, చెరువు, పట్టుబడి, చెల్లింపులకి అచ్చులు రాశాను. తూకం ఎక్కడా చేత్తో ఇవ్వట్లేదు. పేర్ల జాబితా నేనూ రాసుకున్నాను, మా అమ్మ కూర్చుని ముప్పై పేర్లు చెప్పింది.

కొత్త డేటాతో మొదటిరోజే రెండు తప్పులు దొరికాయి. ఒకటి తేదీది, తణుకు గారు చెప్పిందే. రెండోది విస్తీర్ణం. రెండెకరాల ఐదు సెంట్లు అంటే 2.05 కదా. మా ఫారంలో ఎకరాలు ఒక పెట్టె, సెంట్లు ఒక పెట్టె. కోడ్ ఆ రెండిటి మధ్య చుక్క పెట్టి 2.5 చేసేస్తోంది. అంటే రెండున్నర ఎకరాలు. సెంట్లు పది దాటితే తప్పు కనపడదు, పది లోపుంటేనే వస్తుంది. పాత ఫేకర్ నేరుగా 3.47, 1.82 అని దశాంశాలు వేసేది కాబట్టి ఆ ఫారం దారిలో ఎవరూ నడవనే లేదు. ఎకరాకి ఇన్ని పిల్లలు అన్న పరిమితి దాటితే హెచ్చరించే భాగం దీనివల్ల తప్పుగా ఊరుకుంటోంది.

బాకీ తీరుస్తానని మాటిచ్చిన ఆ రైతు దగ్గరికి నిన్న మేమే వెళ్లాం. మేత కొట్టాయనతోనూ మాట్లాడాం. అది ఇక్కడి విషయం కాదు, కానీ చెప్పాలనిపించింది.

పట్టుబడి లెక్కలు · శనివారం ఉదయం 5:50

మంచి పని చేశావమ్మా. వెళ్లి కలవడం అన్నిటికంటే మంచిది.

ఒకటి అడుగుతాను. మీ సాఫ్ట్‌వేర్‌లో ఒక చెరువుకి ఒకే పట్టుబడా? చాలామంది ముందు కొంత పట్టి చెరువు పలచన చేస్తారు, మిగిలినవి పెరిగాక మళ్లీ పడతారు. మొదటిసారి 80 కౌంటు, రెండోసారి 40 రావచ్చు. రెండిట్లో పట్టిన రొయ్యలు కలిపి వేసిన పిల్లని దాటకూడదు. రేటు దేనికదే.

గౌతమి గట్టు · శనివారం ఉదయం 7:25

అయ్యో బాబాయ్ గారూ, ఇప్పుడే చూశాను. చివరి పట్టుబడి కౌంటు తీసుకుని మొత్తం తూకానికి దాన్నే వేసేస్తోంది. మొదటి విడత 80 కౌంటు సరుక్కి కూడా 40 కౌంటు రేటు లెక్కగడుతోంది. ఈరోజే సరిచేస్తాను. "రెండు విడతలు" అని ఒక ట్రెయిట్ పెడుతున్నాను. మొదటి విడతకి రెండో విడతకి మధ్య ఎన్ని రోజులు పెట్టమంటారు? నూటికి ఎంత పడతారు మొదటిసారి?

పట్టుబడి లెక్కలు · శనివారం ఉదయం 8:00

అది చెరువుని బట్టి, రేటుని బట్టి ఉంటుందమ్మా. ఇక్కడ రాస్తే తెలిసేది కాదు. వచ్చే శనివారం మా చెరువులో మొదటి విడత. తెల్లవారుజామున మూడింటికి వల దింపుతారు. గట్టుమీదే కాటా పెట్టి, కిలో తీసి కౌంటు ఎంచుతారు. నీ పుస్తకం పట్టుకుని రా. నాన్నగారిని కూడా తీసుకుని ముందురోజు సాయంత్రమే వచ్చేయండి, మా ఇంట్లో పడుకోవచ్చు. చించినాడ వంతెన దాటి పాలకొల్లు మీదుగా వస్తే గంటన్నర పైన పట్టొచ్చు.

గౌతమి గట్టు · శనివారం ఉదయం 8:12

వస్తామండి. నాన్నగారికి చెప్పాను. పాత లెక్కల పుస్తకాలు ఉంటే అవి కూడా ఒకసారి చూపిస్తారా? పేర్లు రాసుకోను.